పిలిచినా పలకలేదు

ఆ మంగళవారం పొద్దున్న అనకాపల్లి గవరపాలెం వెనక వీధిలో చేపల కేక వినపడలేదు. వినపడనిది వినపడలేదని ఎవరికి తోస్తుంది? రోజలిన్ కూడా ఉప్మా తిని, బాక్సు కట్టుకుని, ఎనిమిదిన్నరకల్లా హైవే పక్కన కొత్తాసుపత్రికి వెళ్ళిపోయింది. అక్కడ సీటీ స్కాన్ గది ఆమెది. ఆమెదంటే ఆసుపత్రిదే, కానీ ఆ మిషను ఎప్పుడు మొరాయిస్తుందో, ఏసీ ఎంతలో పెడితే దారికొస్తుందో తెలిసింది ఆమె ఒక్కదానికే. ముప్పై నాలుగేళ్ళ మనిషి. మాట తక్కువ, చెయ్యి చురుకు.

తొమ్మిదీ ముప్పావుకి క్యాజువాలిటీ నుంచి స్ట్రెచరు వచ్చింది. దాని మీద నలభై ఐదేళ్ళ ఆడమనిషి. మూతి ఎడమవైపుకి లాగేసింది. కుడిచెయ్యి స్ట్రెచరు అంచు దాటి వేలాడుతోంది, ఎవరిదో చెయ్యి తెచ్చి పక్కన పడేసినట్టు. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. ఏదో చెప్పాలని గింజుకుంటోంది, "అ... అ..." అని గాలి తప్ప మాట రావడం లేదు.

ముక్కుకి రెండువైపులా ఉన్న బేసర్లు చూశాక గానీ రోజలిన్ ఆనవాలు పట్టలేకపోయింది. గురువమ్మ. పూడిమడక నుంచి రోజూ చేపల గంపతో షేరాటోలో వచ్చి, కాసేపు వీధులు తిరిగి, మిగిలిన సరుకుతో మార్కెట్లో కూర్చునే గురువమ్మ. "కవళ్ళోయ్, కానాగంతలోయ్" అని మొదటి మలుపులో కేకేస్తే చివరింట్లో పిల్లి లేచి కూర్చునేది. బేరమాడినవాళ్ళని ఆవిడ తిట్టిన తిట్లు తలుచుకుని వీధి వీధంతా సాయంత్రం దాకా నవ్వుకునేది. ఆ గొంతు ఇప్పుడు "అ" దగ్గర ఆగిపోయింది.

"ఎనిమిదిన్నరకి పడిపోయిందట," అన్నాడు వెనకే పరుగెత్తుకొచ్చిన డ్యూటీ డాక్టర్ నాగరాజు. ఎంబీబీఎస్ అయి రెండేళ్ళు కాలేదు, మీసం కూడా ఇంకా మాట వినడం లేదు. "ఇంకా బోలెడు టైముంది. మెదడులో రక్తం చిమ్మలేదని తేలితే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చేద్దాం. న్యూరాలజీ స్టాన్లీ సార్ కూడా ఇవాళ ఓపీలో ఉన్నారు. బేగి కానివ్వండి."

ఆ ఇంజెక్షన్ సంగతి రోజలిన్‌కి తెలుసు. జబ్బు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇస్తే మనిషి లేచి నడవొచ్చు. దాటాక ఇస్తే, అప్పటికే చచ్చిపోయిన మెదడులోకి రక్తం కక్కి ప్రాణమే పోవచ్చు. అందుకే క్యాజువాలిటీ గోడకి అంటించిన కాగితంలో మొదటి ప్రశ్న అదే: ఎన్ని గంటలకి మొదలైంది?

మామూలు స్కాన్ రెండు నిమిషాల్లో అయిపోయింది. రక్తం ఎక్కడా చిమ్మలేదు. నాగరాజు మొహం వికసించింది. స్టాన్లీ గారికి చెప్పి మందు తెప్పిస్తానని పరుగెత్తాడు. రోజలిన్ లోపలికి వెళ్ళి గురువమ్మ తల పట్టీ విప్పింది. జారిపోతున్న కుడిచేతిని ఎత్తి పొట్ట మీద పెడుతూ ఆగిపోయింది.

అరచేతి గీతల్లో నల్లగా ఏదో అట్టకట్టి ఉంది. గోళ్ళ కింద కూడా. మోచేతి మడతలో చిన్న బూడిదరంగు ఈక అంటుకుని ఉంది. ముక్కు దగ్గర పెట్టుకోనక్కర్లేదు, పచ్చి నెత్తురు వాసన ఏసీ గదిలో తెలిసిపోతూనే ఉంది.

పావురం నెత్తురు. ఆ చుట్టుపక్కల ఎవరికి పక్షవాతం వచ్చినా ముందు చేసేది అదే. రోజలిన్ తాతకీ చేశారు. వెచ్చటి నెత్తురు కాలికీ చేతికీ పట్టించి, ఎండలో పడుకోబెట్టి, అది ఎండి పొట్టు రాలేదాకా కదపకూడదు. గంట పడుతుంది. పూడిమడక నుంచి అనకాపల్లికి ఆటోలో ఇంకో గంట. ఎనిమిదిన్నరకి పడిపోయిన మనిషి పావురం నెత్తురు ఆరబెట్టుకుని తొమ్మిదీ ముప్పావుకి ఇక్కడ ఎలా ఉంటుంది?

రోజలిన్ చేతిలోంచి పట్టీ జారింది. చెబితే ఇంజెక్షన్ ఆగిపోతుంది. నోరు మూసుకుంటే ఏమవుతుందో దేవుడికే తెలియాలి. నీ పని ఫొటో తియ్యడం, ప్రశ్నలు డాక్టర్లవి అని ఆసుపత్రిలో చేరిన కొత్తలోనే చెప్పారు. ఆమె ఒక్క క్షణం గురువమ్మ కళ్ళలోకి చూసింది. తర్వాత తలుపు తీసుకుని వరండాలోకి వెళ్ళింది.

బెంచీ మీద గురువమ్మ మొగుడు పరదేశి ఒక్కడే కూర్చున్నాడు. ఉప్పుగాలికి ఎండిన మనిషి. లుంగీ మోకాళ్ళ దాకా తడిసి ఆరి ఉంది, పాదాలకి ఇసక ఇంకా అంటుకునే ఉంది. రోజలిన్‌ని చూసి లేచి నిలబడ్డాడు.

"మావా, నిజం చెప్పు. ఎన్నింటికి మొదలైంది?"

"సెప్పేను కదమ్మా డాక్టరుబాబుకి. ఎనిమిదిన్నరకి."

"పావురం నెత్తురు ఎండడానికే గంట పడుతుంది. నాకు తెలీదనుకున్నావా?"

పరదేశి తల దించుకున్నాడు. ఆమె అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టి పక్కనే కూర్చుంది. నిలబడి అడిగితే పోలీసు అడిగినట్టుంటుంది.

"గంటలు గంటలు అయిపోనాదంటే ముట్టుకోరట. ఇప్పుడే వచ్చిందని సెప్పమని ఆటో అబ్బి సెప్పేడు," అన్నాడు చివరికి.

"అబద్ధం చెప్పి మందేయిస్తే తలలో నెత్తురు కక్కుకుని ఇక్కడే పోతుంది మావా. అప్పుడేం చేస్తావు?"

ఆ మాటకి పరదేశి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మాటలు ఒక్కొక్కటే వచ్చాయి.

"నిన్న సాయింత్రం వంజరం సేప పడ్డాదమ్మా, పెద్దది. ఈవూళ్ళో ఎవులికో ఇత్తానని అది మాటిచ్చింది. నాను తెలీక మా పడవ కళాసీలకి కూరకి ఇచ్చీసేను. అంతే, గోడకేసి తిరిగి తొంగుంది. కూడు తిన్లేదు. తెల్లారగట్ల అయిదింటికి వలకి ఎలతా పిలిచేను. 'ఒలే, టీ ఎట్టవేటే' అన్నాను. పలకలేదు. రెండుసార్లు పిలిచేను. పలకలేదు. అలిగింది కదాని నానూ ఇసురుగా ఎలిపోయేను. ఏడు దాటేక వచ్చి సూత్తే ఇలాగ పొయ్యికాడ పడుంది. అయిదింటికే వచ్చీసిందమ్మా దానికి. నోరు పడిపోయి పలకనేకపోతే, అలిగిందనుకోని ఒగ్గీసి ఎలిపోయేను. నానే సంపీసేను దాన్ని."

రోజలిన్ అతని భుజం మీద చెయ్యి వేసింది.

రోజలిన్ వెళ్ళి చెబితే నాగరాజు వింటూనే గోడకి ఆనుకున్నాడు. "ఐదు గంటలంటే... ఇప్పటికే ఐదు గంటలు దాటేసింది. ఇంకేం ఇస్తాం?" కేసు షీటులో ఎనిమిదిన్నర కొట్టేసి ఐదు వేశాడు. కోపం రాలేదు అతనికి, దిగులొచ్చింది. "చెప్పడం మంచిదే అయింది లెండి. పాపం ఆవిడకే టైము బాగులేదు."

పాపం ఎవరికి చుట్టుకుంటుందో రోజలిన్‌కి అప్పుడే తెలిసిపోయింది. ఇప్పటిదాకా ఆ మనిషికి ఒక ఆశ ఉంది, దాన్ని తను నోటితో ఊడ్చేసింది. రేపు ఆ వీధిలో కేక వినపడనప్పుడల్లా ఈ మాటే గుర్తొస్తుంది.

"సార్, పెర్ఫ్యూజన్ తీద్దాం," అంది.

"ఏంటీ?"

"మెదడులోకి రక్తం ఎంత వెళ్తోందో, ఎంత ఆలస్యంగా వెళ్తోందో తీసే స్కాన్. మన మిషన్లో ఉంది. చెన్నైలో పదిరోజులు నేర్పించారు నాకు. ఎంత చచ్చిందో, ఎంత బతికుందో కనపడుతుంది. గడియారం ఏం చెప్పినా."

నాగరాజు ఒక్క క్షణం ఆమెని ఎగాదిగా చూసి, ఫోను తీశాడు. అవతల స్టాన్లీ గారు అడిగింది ఒకటే: "ఆ అమ్మాయికి తియ్యడం వచ్చా?" మంగళ, శుక్రవారాలు విశాఖ నుంచి వచ్చి చూసే నరాల డాక్టరాయన. తొణకరు, పొగడరు. "వస్తే తియ్యమను. నేను దిగుతున్నాను," అన్నారు.

మూడేళ్ళలో ఆ స్కాన్ రెండే రెండుసార్లు తీసింది రోజలిన్. రెండూ తలలో కంతి ఉన్నవాళ్ళకి, తీరుబడిగా తీసినవి. క్యాజువాలిటీలో పెట్టిన సన్న సూది తీసేసి, ఎడమ మోచేతి దగ్గర లావుపాటి పచ్చ సూది పెట్టింది. ఈ స్కానుకి రంగుమందు సెకనుకి ఐదు మిల్లీలీటర్ల చొప్పున దూసుకుపోవాలి, సన్న సూదయితే నరం చిట్లిపోతుంది. ఇంజెక్టరు గొట్టంలో గాలి బుడగ లేదని రెండుసార్లు వేలితో తట్టి చూసింది. మిషను ఒకేచోట నిలబడి ముప్పావు నిమిషం పాటు సెకనుకో బొమ్మ తీస్తుంది. ఆ ముప్పావు నిమిషం తల మిల్లీమీటరు కదిలినా అంతా బూడిదలో పోసినట్టే. గురువమ్మ చూస్తే కాలూ చెయ్యీ ఒకవైపు కొట్టుకుంటూనే ఉంది.

రోజలిన్ వరండాలోకి వెళ్ళి పరదేశిని రెక్కపట్టుకుని తీసుకొచ్చింది. సీసపు ఆప్రాన్ అతని మెడలో వేసి వెనక ముడేసింది. ఆ బరువుకి అతను ఒక్కసారి ముందుకి తూలాడు.

"తల పక్కన నిలబడు. మందు ఎక్కేటప్పుడు ఒళ్ళంతా వేడెక్కుతుంది, భయపడి కదుల్తుంది. నువ్వు మాట్లాడుతూ ఉండు."

"అది నాతో పలకదమ్మా."

"పలక్కపోయినా పిలు."

ఆమె అద్దం వెనక్కి వెళ్ళి బటను నొక్కింది. మైకులోంచి అతని గొంతు వినపడుతోంది. "ఒలే, కదలకే. ఏడి పుడతాదట, బయపడకు. ఇక్కడే ఉన్నాను నాను. ఎక్కడికీ ఎలనులే. అలాగే ఉండు, అలాగే." గురువమ్మ ఎడమచెయ్యి అతని ఆప్రాన్ అంచుని గట్టిగా పట్టుకుంది. తల కదల్లేదు. నలభై, నలభై ఒకటి, నలభై రెండు అని తెర మీద అంకెలు లెక్కపెడుతూ రోజలిన్ తన ఊపిరి కూడా బిగబట్టేసింది.

తర్వాత పని కంప్యూటరు దగ్గర. తలలో ముందువైపు ఒక ధమని మీద చిన్న చుక్క పెట్టాలి, వెనక పెద్ద సిర మీద ఇంకో చుక్క. రక్తం ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు వెళ్ళిందో ఆ రెండింటిని బట్టి మిషను లెక్క కడుతుంది. మౌసు మీద వేళ్ళు చెమటకి జారుతున్నాయి. మొదటి చుక్క తప్పుచోట పడింది. చెరిపి మళ్ళీ పెట్టింది. వెనక ఎవరో నిలబడ్డట్టు తెలిసి తిరిగి చూస్తే స్టాన్లీ గారు, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని.

రంగుల బొమ్మలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. మొదటిది, రక్తం ఎంత ఆలస్యంగా వస్తోందో చెప్పేది. మెదడు ఎడమ పక్కన అరచెయ్యంత మేర ఎర్రగా ఉంది. రెండోది, అక్కడ ఇంకా ఎంత రక్తం నిలిచి ఉందో చెప్పేది. అదే ఎడమ పక్కన, లోపలెక్కడో, రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ. దాని చుట్టూ మిగతాదంతా పచ్చగా ఉంది.

స్టాన్లీ గారు రెండింటినీ పక్కపక్కన పెట్టించి చాలాసేపు చూశారు. "ఇంత పోయింది," అన్నారు నల్లమచ్చ మీద వేలుపెట్టి. తర్వాత వేలిని చుట్టూ తిప్పారు. "ఇంత పోలేదు. ఆకలితో మాడుతోంది, అంతే. మాట ఇక్కడే ఉంటుంది, చెయ్యి ఇక్కడే ఉంటుంది. ఐదు గంటల నాటి కేసు ఇలా ఉండటం నేను పెద్దగా చూళ్ళేదు." ఆయన నాగరాజు వైపు తిరిగారు. "గడియారం ప్రకారం ఇవ్వకూడదు. ఈ బొమ్మ చూశాక ఇవ్వకపోతే నాకు నిద్రపట్టదు. ఆయనకి విషయమంతా చెప్పండి. ప్రమాదం ఉందని కూడా దాచకుండా చెప్పండి."

చెప్పడం నాగరాజు వల్ల కాలేదు. శాతాలు చెబుతుంటే పరదేశి అతని నోటివైపు చూస్తున్నాడు తప్ప ఒక్క ముక్క ఎక్కడం లేదు. రోజలిన్ కల్పించుకుంది.

"మావా, వల ఒడ్డుకి లాగేక కొన్ని చేపలు చచ్చిపోయుంటాయి. కొన్నిటికి మొప్పలాడుతుంటాయి. అవునా? నీ పెళ్ళాం తలలో చచ్చింది కొంచెమే. మొప్పలాడేవి ఎక్కువున్నాయి. ఈ మందు వాటిని నీళ్ళలోకి తోస్తుంది. ఒక్కోసారి తొయ్యబోతే వల చిరిగి మొత్తం పోవచ్చు కూడా. పదిమందిలో ఒకరికి అలా అవ్వచ్చు. నువ్వు చెప్పాలి."

పరదేశి తెర మీద రంగుల కేసి చూశాడు. "మొప్పలాడతన్నాయంటే ఊరుకుంటామేటమ్మా," అన్నాడు. బొటనవేలు ఇంకులో అద్ది కాగితం మీద ఒత్తాడు. పదకొండుకి పది నిమిషాలుందనగా మందులో పదోవంతు ఒక్కసారిగా ఎక్కించి, మిగతాది గంటసేపు ఎక్కేటట్టు పెట్టారు.

ఆ రోజు రోజలిన్ ఇంకో ఏడు స్కానులు తీసింది. ఎవరివో, ఏం జబ్బులో అడిగితే ఆమెకే గుర్తులేదు. ఇంటికెళ్ళేముందు ఐసీయూ అద్దంలోంచి తొంగిచూసింది. గురువమ్మ అలాగే ఉంది. మూతి అలాగే ఉంది. ఇంటికెళ్ళాక ప్రార్థన చేసుకోబోతే మాటలు కుదరలేదు. ప్రభువా, ఆ బొమ్మ నేను సరిగ్గా తీశానా అని మాత్రం అడిగింది.

మందిచ్చిన ఇరవై నాలుగ్గంటలకి మళ్ళీ స్కాన్ తియ్యాలి, లోపల రక్తం కక్కిందో లేదో చూడ్డానికి. బుధవారం గురువమ్మని బల్ల మీద పడుకోబెట్టి అద్దం వెనక్కి వచ్చి రోజలిన్ బటను నొక్కింది. బొమ్మలు కిందనుంచి పైకి ఒక్కొక్కటే వస్తున్నాయి. తెలుపు కనపడితే రక్తం. ఒకటి, రెండు, మూడు. తెలుపు లేదు. పైదాకా చూసింది. మళ్ళీ కిందనుంచి చూసింది. అదే రూపాయి బిళ్లంత మచ్చ, అంతకంటే ఒక్క గీత పెరగలేదు. రోజలిన్ కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని, ఎవరూ లేరు కదాని ఏడ్చేసింది. హాయిగా ఏడ్చింది.

బల్ల మీంచి దించుతుంటే గురువమ్మ కుడిచెయ్యి ఆమె వేలిని పట్టుకుంది. గట్టిగా కాదు, పసిపిల్ల పట్టుకున్నట్టు. కానీ పట్టుకుంది.

చెయ్యి వచ్చింది, మూతి సర్దుకుంది, గురువారానికి కాలూ కదిలింది. మాట మాత్రం రాలేదు. వచ్చేస్తుంది, తొందరపడకండి అని ఫోనులో స్టాన్లీ గారు చెబుతూనే ఉన్నారు. పరదేశికి ఆ ఓపిక లేదు. వార్డులోకి మార్చాక మంచం పక్కనే కింద కూర్చుని, పెళ్ళాం కళ్ళు తెరిస్తే తను కళ్ళు దించేసుకునేవాడు. టీ తాగమంటే తాగడు. రోజలిన్ మధ్యాన్నం బాక్సులోంచి అన్నం పెడితే రెండు ముద్దలు తిని లేచిపోయాడు. "బతికించేరమ్మా, మీ రునం తీరదు. కానీ అది నా మొకం సూసి ఏటనుకుంటాదో అని బయమేత్తంది. ఒగ్గీసి ఎలిపోయిన ముండాకొడుకుని కదా," అన్నాడు. దానికి రోజలిన్ దగ్గర ఏ స్కానూ లేదు.

శుక్రవారం పదకొండింటికి స్టాన్లీ గారు రౌండ్సుకి వచ్చారు. వెనక నాగరాజు. రోజలిన్ కూడా ఫిల్ములు ఇచ్చే వంకతో వచ్చి మంచం కాళ్ళవైపు నిలబడింది. అప్పుడే గుమ్మంలోంచి సుడిగాలిలా చిన్నమ్మలు ఊడిపడింది. పూడిమడకలో గురువమ్మ ఇంటి పక్కిల్లే. ఇద్దరూ ఒకే ఆటోలో గంపలేసుకుని వచ్చేవాళ్ళు. ఖాళీ గంప వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదని వాడిని తిడుతూనే వచ్చింది.

"ఏటే గురువమ్మా, ఇలాగ సేసేవేటే? ఆ పొద్దు మాతోటి ఆటో ఎక్కుంటే నీకీ కర్మ లేకపోను గదే," అంటూ మంచం మీద కూర్చుంది.

"ఏ పొద్దు?" అన్నారు స్టాన్లీ గారు.

"మంగళారం పొద్దు బాబు. ఆరున్నరకి ఎప్పుట్లాగే ఆటో ఈళ్ళింటి ముందల ఆపేం. ఇది గుమ్మంలోకొచ్చి, సీపురట్టుకోని, 'నా గంపలో సేపల్లేవు, నాను రాను, పోయెండి' అని ఇంతెత్తున నెగిసింది. మొగుడు మీద కోపం మా మీద సూపించిందని నవ్వుకుంటా ఎలిపోయేం మేం."

నాగరాజు కేసు షీటు తెరిచాడు.

"ఆరున్నరకి మాట్లాడిందా? బాగానే నిలబడిందా?" అన్నాడు నాగరాజు.

"నిలబడ్డమేటి బాబు, సీపురు ఇసిరింది ఆటో మీదకి."

నాగరాజు జేబులోంచి పెన్ను తీశాడు. మూడు రోజుల కిందట అర కిలోమీటరు దూరంలో, మార్కెట్లో కూర్చున్న ఈ మనిషిని అడిగితే తెలిసిపోయే సంగతి. అడగాలని ఒక్కరికీ తోచలేదు. కేసు షీటులో ఐదు కొట్టేసి, ఆరున్నర తర్వాత అని రాశాడు. "మనకి మూడు టైములు చెప్పారు సార్," అన్నాడు సిగ్గుపడుతూ.

"బొమ్మ ఒకటే చెప్పింది," అని స్టాన్లీ గారు రోజలిన్ వైపు చూసి తలూపారు. ఆయన నోట అంతకంటే పొగడ్త ఆ ఆసుపత్రిలో ఎవరూ వినలేదు.

పరదేశి మాత్రం ఇంకా తేరుకోలేదు. నేల మీంచి లేచి మంచం పట్టె పట్టుకున్నాడు. మూడు రోజుల తర్వాత మొదటిసారి పెళ్ళాం కళ్ళలోకి సూటిగా చూశాడు.

"ఒలే, అయితే... అయిదింటికి నీకేటీ అవనేదా? నాను పిలిత్తే ఇనపడ్డాదా?"

గురువమ్మ తల ఊపింది. పెదాలు కదిలాయి. నాలుక ఎక్కడో తట్టుకుంది. చిన్నమ్మలు ఏదో అందివ్వబోతే రోజలిన్ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇన... పడ్డాది," అంది గురువమ్మ.

గొంతు బొంగురుగా ఉంది. ఆ రెండు ముక్కలకే నుదుట చెమట పట్టింది. పరదేశి పట్టె మీద మోచేతులు ఆనించి ఇంకా దగ్గరికి వంగాడు.

"రెండుసార్లు పిలిచేను గదే. ఇనపడితే పలకనేదేటే మరి?"

గురువమ్మ చాలాసేపు ఆలోచించింది. పైకప్పు కేసి చూసింది, మొగుడి కేసి చూసింది. మాటలన్నీ ఎక్కడెక్కడో ఉన్నట్టున్నాయి, ఒక్కొక్కటీ వెతికి తెచ్చుకుంటోంది. కుడిచెయ్యి నెమ్మదిగా దుప్పటి మీంచి లేచి, అతని మొహం ముందు వేలు చూపించింది.

"ఎందుకు... పలకాలి?"

చిన్నమ్మలు పకపకా నవ్వింది. నాగరాజు నవ్వాడు, పక్క మంచం ముసలాయన కూడా నవ్వాడు. పరదేశి ఆ వేలిని రెండు చేతుల్లోనూ పట్టుకుని, దాని మీద మొహం పెట్టుకుని, భుజాలదిరిపోయేలా ఏడుస్తూ, "పలకొద్దులేవే, పలకొద్దులే," అంటూనే ఉన్నాడు.